తొట్టి అడుగున మీసాల చేప

మా ఇంటికి చేపల తొట్టి వచ్చింది 1998లో. రెండడుగుల గాజు తొట్టి, అడుగున రంగురాళ్లు, మూల ఒక బుడగల గొట్టం, ఇంతే సరంజామా. దుకాణదారు నాలుగు బంగారు చేపలను సంచీలో పోసి రబ్బరు బ్యాండు వేశాక, కాస్త ఆలోచించి, పక్క తొట్టి గాజుకు నోరంటించుకుని వేలాడుతున్న ఒక నల్లని చేపపిల్లను పట్టి మరో సంచీలో వేశాడు. "సకర్ అండీ ఇది. పాచీ మురికీ అంతా ఇదే తినేస్తుంది. వేరే మేత వెయ్యక్కర్లేదు. తొట్టి కడిగే పని తప్పుతుంది మీకు" అన్నాడు. జీతం లేని పనిమనిషి దొరికినట్టు ఇంటిల్లిపాదీ సంతోషించాం.

బంగారు చేపలు నాలుగింటికీ పిల్లలు పేర్లు పెట్టారు. నల్ల చేపకు ఎవరూ పేరు పెట్టలేదు. ఆ తేడా అప్పట్లో నాకు తట్టనేలేదు.

ఆ చేప కథ ఎక్కడికి పోయి ముగిసిందో చివర్న చెబుతాను. అంతకుముందు, తొట్టి అడుగున తిరిగే చేపను మురికి ఊడ్చే చేపగా మనిషి ఎప్పుడు, ఎందుకు భావించాడో చెప్పుకోవాలి. ఆ భావనకు నూట డెబ్బై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

*

క్యాట్‌ఫిష్ అన్న మాట మనకు కొత్తదే గాని చేప కొత్తది కాదు. జెల్ల, వాలుగ, మార్పు, ఇంగిలాయి, ఇవన్నీ ఆ గణానివే. మూతి చుట్టూ ఉన్న మీసాలలో ఇంగ్లీషువాడికి పిల్లి కనబడింది. మనవాళ్లకు పులుసు కనబడింది. అందుకే కాబోలు, పిల్లిని గుర్తుచేసే పేరు మనకు వాడుకలో లేదు.

శాస్త్రజ్ఞులు సిలూరిఫార్మీస్ అని పిలిచే ఈ గణంలో మూడువేలకు పైగా జాతులున్నాయి. వీటికి పొలుసులుండవు. కొన్నిటికి నున్నని చర్మం, మరి కొన్నిటికి ఎముక పలకల కవచం. పెక్కింటికి వీపు రెక్కలోనూ, పక్క రెక్కల్లోనూ బిగుసుకుని నిలిచే ముళ్లుంటాయి. ఇంగిలాయి ముల్లు ఒక్కసారి గుచ్చుకున్నవారికి ఈ విషయం మళ్లీ చెప్పనక్కరలేదు. ఇక ఆ మీసాలు అలంకారం కోసం కాదు. రుచినీ స్పర్శనూ పసిగట్టే అవయవాలవి. బురదనీటిలో, చీకటిలో కన్ను చేయలేని పని మీసం చేస్తుంది. మనిషి నాలుకను నోట్లో దాచుకుంటే, ఈ చేప దాన్ని బయట పెట్టుకుని తిరుగుతుందన్నమాట.

మనవాళ్లు ఈ చేపలను చెరువులో చూశారు, వలలో చూశారు, సంతలో చూశారు. గాజు వెనుక నిలిపి చూడడం మాత్రం ఐరోపాలో మొదలైన అలవాటు.

*

గాజు తొట్టి పుట్టుకకు ముందు ఒక గాజు సీసా ఉంది. 1829లో లండన్ వైద్యుడు నథానియెల్ వార్డ్, ఒక కీటకపు గూటిని తడిమట్టిలో ఉంచి సీసా మూత బిగించాడు. గూటి సంగతి ఏమైనా, ఆ మట్టిలోంచి ఒక ఫెర్న్ మొక్క, కాస్త గడ్డి మొలిచి, మూత తీయకుండానే బ్రతికాయి. పొగతో నిండిన లండన్ గాలిలో చచ్చిపోయే మొక్కలు మూసిన గాజులో బతుకుతున్నాయి! ఈ సూత్రంతో చేసిన పెట్టెలలోనే తరువాత తేయాకు మొక్కలు చైనా నుంచి మన దేశానికి ఓడ ప్రయాణం చేశాయి.

దాదాపు అదే కాలంలో, 1832లో, సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో ఝన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి మహిళ సముద్రజీవులను బ్రతికుండగానే పరిశీలించడానికి గాజు తొట్లు చేయించింది. ఆర్గొనాట్ అనే జీవి తన గుల్లను తానే నిర్మించుకుంటుందని ఆ తొట్ల సాయంతోనే నిరూపించింది. కుట్టుపనితో జీవితం మొదలుపెట్టిన ఆమె పేరు అక్వేరియం చరిత్రలలో చాలాకాలం వినబడలేదు.

అయితే ఇంటి తొట్టికి సూత్రం చెప్పినవాడు మాత్రం రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు. 1850లో లండన్ కెమికల్ సొసైటీకి ఆయన సమర్పించిన పత్రంలోని విషయం క్లుప్తంగా ఇది. ఒక పాత్రలో రెండు బంగారు చేపలనూ, నీటిలో పెరిగే వాలిస్నేరియా మొక్కనూ ఉంచాడు. చేప విడిచిన వాయువును మొక్క, మొక్క విడిచిన ప్రాణవాయువును చేప తీసుకుంటాయి గనుక నీరు మార్చనక్కరలేదని లెక్క. కాని కొంతకాలానికి ఆకులు కుళ్లాయి, నీరు మసకబారింది, గాజుకు పాచి పట్టింది. లెక్క తప్పింది. అప్పుడు ఆయన చెరువు నత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకునూ పాచినీ తినేశాయి. నీరు తేటపడింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. చేప, మొక్క అనే ఇద్దరితో వేసిన నాటకం నడవక, మూడో పాత్రగా పాకీపని చేసేవాడిని తీసుకురావలసి వచ్చింది. ఇంటి అక్వేరియం పుట్టినప్పుడే ఆ ఉద్యోగమూ పుట్టింది. మొదట దాన్ని నత్తకిచ్చారు. తరువాతి తరాలు అదే ఉద్యోగాన్ని మీసాల చేప నెత్తిన పెట్టాయి.

మిగిలిన కథ త్వరగా నడిచింది. బ్రిటన్‌లో గాజుపై పన్ను 1845లోనే రద్దయి గాజు చవకైంది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన పుస్తకంతో 'అక్వేరియం' అన్న మాట ఇంటింటి మాటయింది.

*

మీసాల చేప ఈ గాజు ఇంట్లోకి వచ్చిన దారి చిత్రమైనది. అందులో చార్లెస్ డార్విన్ కూడా ఉన్నాడు.

బీగిల్ నౌక 1831 డిసెంబరులో బయలుదేరి 1836 అక్టోబరులో తిరిగివచ్చింది. ఆ అయిదేళ్లలో డార్విన్ పోగుచేసి సారాలో భద్రపరచిన చేపలను వర్ణించే పని లెనర్డ్ జెనిన్స్ అనే మతాచార్యుడికి అప్పగించారు. ఈ జెనిన్స్ సామాన్యుడు కాడు. బీగిల్ మీద ప్రకృతిశాస్త్రజ్ఞుడిగా వెళ్లే అవకాశం డార్విన్ కన్నా ముందు ఈయనకే వచ్చింది. తన చర్చి బాధ్యతలు విడిచి రాలేనని ఈయన వద్దనుకున్నాడు. తాను ఎక్కని ఓడ తెచ్చిన చేపలకు తానే పేర్లు పెట్టుకుంటూ కూర్చున్నప్పుడు ఆయన మనసులో ఏం మెదిలిందో గాని, 1842 నాటికి ఆ పని పూర్తిచేశాడు. వాటిలో దక్షిణ అమెరికాకు చెందిన, మిరియాలు చల్లినట్టు మచ్చలున్న, వేలెడంత చేప ఒకటుంది. మన దుకాణాలలో నేడు 'పెప్పర్ కోరీ' అని అమ్మేది ఆ జాతినే.

ఇది కోరిడోరాస్ వర్గపు చేప. శిరస్త్రాణం, చర్మం అనే అర్థాలున్న గ్రీకు మాటలు కలిపి, 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాసెపెడ్ ఆ పేరు పెట్టాడు. ఒంటికి ఇరువైపులా రెండేసి వరుసల ఎముక పలకలతో నిజంగానే చిన్న యోధుడిలా ఉంటుంది. (2024లో శాస్త్రజ్ఞులు జన్యువుల ఆధారంగా ఈ వర్గాన్ని ఏడు ప్రజాతులుగా పునర్వ్యవస్థీకరించారు. డార్విన్ చేప ఇప్పుడు హోప్లిసోమా అయింది. దుకాణంలో మాత్రం కోరీయే.)

సారాసీసాలోని చేపను తొట్టిలోని చేపగా మార్చిన ఘనత పారిస్‌లోని పియెర్ కార్బోనియేది. 1869లో చైనా నుంచి వచ్చిన స్వర్గచేపలను గాజు తొట్టిలో పిల్లలు పెట్టించి పేరు తెచ్చుకున్న ఆయన, 1870లలో ఈ మిరియాల కోరీలనూ పిల్లలు పెట్టించాడు. అప్పటికి వేడినీటి చేపలను ఇళ్లలో పెంచడం కష్టం. విద్యుత్ హీటర్లు లేవు. చలినీటిని ఓర్చుకోగల ఈ చేప ఆ ఇబ్బందిని దాటేసింది.

*

గాజు వెనుక నిలిచాక ఈ చేప మనిషికి చాలా సంగతులు చెప్పింది.

మొదటిది ఊపిరి. కోరీ ఉన్నట్టుండి అడుగునుంచి బాణంలా పైకి దూసుకువచ్చి, ఒక గుక్క గాలి మింగి, మళ్లీ అడుగుకు చేరుతుంది. తొలిసారి చూసినవారు చేపకు ఏదో అయిందని కంగారుపడతారు. ఆ గాలిని అది పేగు చివరి భాగంతో పీల్చుకుంటుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గే కాలంలో బ్రతకడానికి నేర్చిన విద్య ఇది. మన మార్పు, ఇంగిలాయి కూడా గాలి పీల్చేవే, కాని ఆ పనికి వాటికి వేరే అవయవాలున్నాయి. ఒకే కష్టానికి భిన్న ఖండాలలోని దాయాదులు భిన్నమైన ఉపాయాలు కనిపెట్టాయి.

రెండవది వాన. ఎంత మేపినా గుడ్లు పెట్టని కోరీలు, తొట్టిలో కొంత నీరు తీసి కాస్త చల్లని నీరు పోస్తే ఆ రాత్రో మర్నాడో గుడ్లు పెడతాయి. పుట్టినదీ పెరిగినదీ గాజులోనే అయినా, చల్లనీరు తగిలితే వాటికి వానాకాలం గుర్తొస్తుంది. గుడ్లను ఆడచేప పొట్టకింది రెక్కల మధ్య దోసిలి పట్టినట్టు పట్టుకుపోయి ఆకులకో గాజుకో అంటిస్తుంది. ఆ కలయికలో ఆడచేప మగచేప బీజాన్ని నోటితో గ్రహిస్తుందనీ, అది పేగు గుండా ప్రయాణించి గుడ్లను చేరుతుందనీ జపాన్ పరిశోధకులు 1995లో ప్రకటించారు. నూరేళ్లకు పైగా తొట్లలో మన కళ్ళముందే తిరిగిన చేప అన్నాళ్లు తన రహస్యం దాచుకుంది.

గాజు చేప అని అమ్మే, ఎముకలు కనబడేటంత పారదర్శకమైన థాయిలాండ్ మీసాల చేపది మరీ విడ్డూరం. దశాబ్దాల తరబడి దాన్ని వేరే జాతుల పేర్లతో అమ్మారు. దానికంటూ సొంత శాస్త్రనామం 2013లోగాని రాలేదు. లోపలి ఎముక దాకా చూశాం గాని ఎవరో తెలుసుకోలేదు.

ఇన్ని చూసీ ఇరవయ్యో శతాబ్దపు అక్వేరియం పుస్తకాలు ఈ చేపలకిచ్చిన బిరుదు ఒక్కటే: మురికి తినేది. మిగతా చేపలు వదిలేసిన మేత తిని బ్రతుకుతుందని, వేరే పెట్టనక్కరలేదని. నిజానికి కోరీ ఇసుకలో మూతి దూర్చి వెతికేది పురుగులనూ, కీటకాల పిల్లలనూ. మలం తిని అది బ్రతకదు. పైగా తానూ విసర్జిస్తుంది గనుక తొట్టిలో మురికి ఒక చేపంత పెరుగుతుంది తప్ప తగ్గదు. ఊడ్చేవాడని నమ్మి పదునైన రాళ్ల మీద, మురికి పేరుకున్న అడుగున దాన్ని వదిలేస్తే ఆ మీసాలు అరిగి, పుండుపడి రాలిపోతాయి. అంటే నాలుకా వేలూ రెండూ పోయాయన్నమాట. గుంపుగా తిరిగే దీన్ని 'ఒక క్లీనర్ చాలు' అని ఒంటరిగా వేయడం మరో శిక్ష.

తొట్టిని అసలు శుభ్రం చేసేది ఎవరన్నది 1890 ప్రాంతంలోనే తేలింది. రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాద్‌స్కీ అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులను వేరుచేసి చూపాడు. ఇసుకలో, ఫిల్టరు స్పాంజిలో కంటికి కనబడకుండా ఉన్నవి అవే. మిగిలిన పని వారానికోసారి నీళ్లు మార్చే మన చేతులది. ఎవరు అడుగున ఉంటే ఊడ్చే పని వారిదే అనుకోవడం మన సమాజానికి బాగా అలవాటైన ఆలోచన. దాన్ని చేప దాకా తీసుకుపోయామేమో అనిపిస్తుంది నాకు.

*

ఇప్పుడు సకర్ దగ్గరికి వద్దాం. ఇది లొరికారిడే అనే కుటుంబానిది. ఆ కుటుంబంలో వెయ్యి దాకా జాతులున్నాయి. దక్షిణ అమెరికా నదులనుంచి కొత్త కొత్త చేపలు వచ్చిపడుతుంటే పేర్లు పెట్టే శాస్త్రజ్ఞులు వెనకబడిపోయారు. అందుకని 1988లో జర్మనీలోని డాట్స్ అనే అక్వేరియం పత్రిక వాటికి ఎల్-1, ఎల్-2 అంటూ అంకెలివ్వడం మొదలుపెట్టింది. ఔత్సాహికులు పెట్టుకున్న ఈ పద్ధతినే నేటికీ వ్యాపారులూ, పరిశోధకులూ వాడుతున్నారు.

అందులో ఎల్-46 అనేది నలుపు తెలుపు చారల జీబ్రా చేప. 1991లో దానికి శాస్త్రనామం వచ్చింది. బ్రెజిల్‌లోని షింగూ నదిలో, వోల్టా గ్రాండె అనే ఒక్క పెద్ద మలుపులో తప్ప అది లోకంలో మరెక్కడా సహజంగా దొరకదు. ఆ మలుపుకు వచ్చే నీటిలో అధికభాగాన్ని మళ్లించే బెలో మోంచి జలవిద్యుత్ కేంద్రం 2016లో పని మొదలుపెట్టింది. 2022లో ఆ చేపను అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందమైన సైటీస్ రెండవ జాబితాలో చేర్చారు. నది మాట ఎలా ఉన్నా, ప్రపంచమంతటా ఇళ్లలోని తొట్లలో దాన్ని పిల్లలు పెట్టిస్తున్నారు. ఒక జాతికి గాజు తొట్టి ఆశ్రయమైంది.

అదే కుటుంబానికి చెందిన నా పదిహేను రూపాయల సకర్ కథ దీనికి తలకిందులు. దుకాణంలో అంగుళంన్నర ఉండే ఆ పిల్ల పెరిగితే అడుగుంపావు దాటుతుంది. రెండడుగుల తొట్టిలో అది తిరగలేదు. పెంచినవారు జాలిపడి చెరువులో వదులుతారు. వదిలినది గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, గట్లు కోసుకుపోతాయి. ముళ్లతో వలలు చీలుతాయి. ఎముక కవచం వల్ల దాన్ని తినే జీవులు తక్కువ. మెక్సికోలోని ఇన్‌ఫియర్నియో జలాశయంలో చేపల వేట దీనివల్లనే దెబ్బతింది. ఫిలిప్పీన్స్‌లో దీనికి 'జానిటర్ చేప' అని పేరు. ఊడ్చేదని తెచ్చుకున్నారు, పేరు మిగిలింది, మనీలా పక్కనున్న లగూనా సరస్సు దానితో నిండింది. మన దగ్గరా కథ అదే దారి పట్టింది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నీటిలో కరిగి ఉన్న డీఎన్ఏను పరీక్షించి, తూర్పు కనుమల ప్రాంతపు చెరువులలో, జలాశయాలలో ఇది చాలాచోట్ల వ్యాపించిందని తేల్చారు. మన జాలరులు దీన్ని 'దెయ్యం చేప' అంటున్నారు.

*

నా చేప కథ మిగిలింది.

2003లో మాకు బదిలీ అయింది. అప్పటికి అది జానెడు దాటింది. దుకాణదారు తిరిగి తీసుకోనన్నాడు. చంపడానికి చేతులు రాలేదు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు బకెట్లో తీసుకుపోయి మా ఊరి చెరువులో వదిలాను. నీళ్లలో ఒక్క క్షణం కదలకుండా నిలబడి, తరువాత లోతుకు జారిపోయింది. పుణ్యం చేశానని అనుకున్నాను. పిల్లలచేత చప్పట్లు కూడా కొట్టించాను.

కొన్నేళ్ల క్రితం అదే చెరువు గట్టు మీద, చిన్నప్పటినుంచి నాకు తెలిసిన జాలరి పెద్దాయన ఒకరు చిరిగిన వల ముందేసుకుని కూర్చున్నారు. పక్కన గట్టు మీద నాలుగు నల్ల చేపలు పడున్నాయి. "ఏం చేపండీ ఇవి బాబుగారూ! కొయ్యబోతే కత్తి దిగదు, అమ్మబోతే కొనేవాడు లేడు. వల చూడండి, ఎలా చించాయో. పట్నంలో గాజు పెట్టెల్లో పెంచుతారంటగా ఇలాంటివి?" అన్నారు.

ఒక్క చేప సంతానం కనలేదని నాకు తెలుసు. వరదకు ఎక్కడెక్కడివో కొట్టుకువచ్చి ఉండవచ్చుననీ తెలుసు. కాని నాలా పుణ్యం చేసినవాళ్లు ఎందరో ఉండి ఉంటారు గదా. "అవునండీ, పెంచుతారు" అన్నాను. "నేనూ పెంచాను" అన్న మాట మాత్రం గొంతు దాటలేదు. ఆయనకు చెప్పలేనిది ఇక్కడ వ్రాస్తున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో మూడడుగుల తొట్టి ఉంది. అడుగున మెత్తని ఇసుక, అందులో ఆరు మిరియాల కోరీలు. దీపం ఆర్పాక వాటి మేత వాటికి విడిగా వేస్తాను. నీళ్లు నేనే మారుస్తాను. ఈసారి ఆరింటికీ మా మనవరాలు పేర్లు పెట్టింది. ఏది ఏదో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

మిత్రులలో చేపలు పెంచేవారుంటే ఒక్క విన్నపం. పెరిగిపోయిన చేపను మరో పెంపకందారుకో, పెద్ద తొట్టి ఉన్నవారికో ఇవ్వండి. చెరువులో మాత్రం వదలకండి. అలాగే మీ మీ ప్రాంతాలలో జెల్లలకూ, వాలుగలకూ, ఇంగిలాయిలకూ ఉన్న ఇతర పేర్లు తెలిస్తే వ్యాఖ్యలలో వ్రాయగలరు. ఆ చేపల మీద మరో టపా వ్రాయాలని ఉంది.